కనపడని సరుకు – కొనేవాడి నమ్మకం

2024 వానాకాలం మొదట్లో, మానుకోట కళాశాలలో నా దగ్గర డిగ్రీ రెండో సంవత్సరం చదివే ఒక కోయ విద్యార్థి ఎనిమిది పేజీల ఇంగ్లీషు కాగితం తెచ్చి నా బల్లమీద పెట్టాడు. వాళ్ల ఊరు గూడూరు వైపు అడవి అంచున వున్నది. తండ్రి పేర అంతకుముందు ఏడాదే మూడెకరాల పోడుపట్టా వచ్చింది. ఆ మూడెకరాల గట్లమీదా, ఒక ఎకరంలో సాళ్లుగానూ పెట్టుకోవటానికి మొక్కలు ఉచితంగా ఇస్తామనీ, ముప్పై ఏళ్లపాటు వాటిని నరకకూడదనీ, ఆ చెట్లు పీల్చే కర్బనం మీద సర్వహక్కులూ తమవేననీ, అది అమ్ముడుపోతే వచ్చే సొమ్ములో కొంత ‘మార్కెట్టు పరిస్థితులను బట్టి’ రైతుకు ముట్టజెప్పుతామనీ ఒక కంపెనీ రాసుకున్న ఒప్పందం అది. “సార్, మా నాయన దీనిమీద దస్కతు పెట్టొచ్చునా?” అని అడిగాడు. కొంచెం సిగ్గుపడుతూ, “గాలికి గూడ పైసలిస్తరా సార్?” అని కూడా అడిగాడు.

నేను తెలుగు సాహిత్యం చదువుకున్నవాణ్ణి. ‘క్రెడిట్’ అనే మాటకు లాటిను మూలంలో నమ్మటం అని అర్థమన్న ముక్క తప్ప ఈ సంగతిలో నాకప్పటికి తెలిసినదేమీ లేదు. కాని ఆ ముక్కే నన్ను ఇందులోకి దించింది. నేను జనగామ వైపు పుట్టినవాణ్ణి. భూపాలపల్లిలో నాలుగేళ్లు పాఠం చెప్పి మానుకోటకు వచ్చాను. ఆ కాగితం చేతికి వచ్చిన తర్వాత చదివినదీ, ఈ మూడుచోట్లా చూసినదీ, పెద్దలవల్ల విన్నదీ కలిపి చూస్తే, కర్బనపు బేరంలో అందరూ తలపట్టుకుంటున్న నమ్మకం అనే ప్రశ్నకు మన ప్రాంతంలో చాలా పాత చరిత్ర వున్నదని నాకు తోచింది.

ముందు సరుకేమిటో చూద్దాం. చెట్టు గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి, అందులోని కర్బనాన్ని కొయ్యగా, వేరుగా, ఆకుగా దాచుకుంటుంది. ఎక్కడో ఒక కంపెనీ పొగ వదులుతున్నది. ఆ పొగ తగ్గించుకోవటం ఖర్చుతో కూడిన పని. కాబట్టి, ఇంకొకచోట చెట్లు ఒక టన్ను బొగ్గుపులుసు వాయువును పీల్చుకున్నాయనో, నరికివేయబోయిన అడవి నరకకుండా నిలిచిందనో తెలిపే ధ్రువపత్రం ఒకటి కొని, తన పద్దులోనుంచి ఒక టన్ను కొట్టివేసుకుంటుంది. చట్టం నిర్బంధిస్తే కొనేది ఒక రకం. పేరుకోసమో, వాటాదార్ల ఒత్తిడివల్లనో తనంతట తాను కొనేది ఇంకొక రకం. ఈ రెండోదాన్నే స్వచ్ఛంద కర్బన మార్కెట్టు అంటున్నారు.

ఈ సరుకుకు ఒక విచిత్ర లక్షణం వున్నది. బియ్యం కొనేవాడు బస్తాలోంచి పిడికెడు తీసి చూస్తాడు. పత్తి కొనేవాడు పింజ లాగి చూస్తాడు. కర్బనం కొనేవాడు చూడటానికీ ఏమీ లేదు, ఇంటికి తీసుకుపోవటానికీ ఏమీ లేదు. సరుకు నాసిరకమైనా అతని వంట చెడదు, అతని మిల్లు ఆగదు. మామూలు బేరంలో కొనేవాడి అనుమానమే త్రాసును కాస్తంతైనా నిటారుగా నిలుపుతుంది. ఇక్కడ టన్నులు ఎక్కువగా రాయటం అమ్మేవాడికి లాభం. చౌకగా ఎక్కువ టన్నులు దొరకటం కొనేవాడికి లాభం. లెక్క చూసే తనిఖీదారుకు జీతం ఇచ్చేది కూడా పథకం నడిపేవాడే. ఇక నిలిచిన అడవికి కట్టే విలువ మరీ చిత్రమైనది. ‘ఈ పథకమే లేకపోతే ఈ అడవి ఎంత నరికివేయబడి వుండేది?’ అనే ప్రశ్నకు ముందు జవాబు రాసుకోవాలి. జరగని కథను జరిగినట్టుగా రాయటం మా సాహిత్యంవాళ్ల వృత్తి. దాన్ని టన్నుల్లో కొలిచి అమ్మవచ్చునని మాకెవరూ చెప్పలేదు.

ఈ బేరానికి మొదటి ఉదాహరణగా సాధారణంగా చెప్పేది 1988 నాటిది. ఏ.ఇ.ఎస్. అనే అమెరికన్ విద్యుత్ కంపెనీ కనెక్టికట్ రాష్ట్రంలో పెట్టబోయే బొగ్గు కేంద్రపు పొగకు బదులుగా గ్వాటెమాలా రైతులచేత 5 కోట్లకు పైగా చెట్లు నాటించే పథకానికి సొమ్ము ఇవ్వటానికి పూనుకున్నది. పొయ్యి ఒక దేశంలో, పొగ పీల్చే చెట్టు ఇంకొక దేశంలో. ఈ అమరిక అప్పటినుంచీ మారలేదు.

మన తెలుగునాట ఇది అడుగుపెట్టింది 2003లో, ఆదిలాబాద్ జిల్లాలోని పవర్‌గూడ అనే చిన్న గోండు పల్లెలో. అక్కడి మహిళా సంఘాలవాళ్లు కానుగ చెట్లు పెంచి, గింజలనుంచి నూనె తీసే పనిలో వున్నారు. డీజిలుకు బదులు ఆ నూనె వాడితే పదేళ్లలో ఎంత బొగ్గుపులుసు వాయువు తగ్గుతుందో లెక్కగట్టారు: 147 టన్నులు. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ సంస్థ మధ్యన నిలవగా, ప్రపంచబ్యాంకు ఆ 147 టన్నులను 645 డాలర్లకు కొన్నది. వాషింగ్టన్‌లో జరిపిన ఒక అంతర్జాతీయ సదస్సువల్ల కలిగిన కాలుష్యానికి అది పరిహారం. 645 డాలర్లంటే ఆనాటి మారకంలో ముప్పైవేల రూపాయలకు కాస్త తక్కువ. కచ్చితంగా చెప్పాలంటే ఇది అడవి కర్బనం కాదు, చెట్టు గింజల నూనె లెక్క. అయినా, క్యోటో ఒప్పందం ఇంకా అమలులోకి రాని రోజుల్లో (అది వచ్చింది 2005లో) ఎవరి బలవంతమూ లేకుండా జరిగిన బేరం కాబట్టి మన చరిత్రకు ఇదే తొలి పుట.

దీన్ని తలచుకొని గర్వపడేవారున్నారు, నవ్వేవారున్నారు. నాకు రెండూ చేతకాలేదు. ఇంతకు ఒక ఏడాది ముందు, 2002లో, అదే బ్యాంకు ఆంధ్రప్రదేశ్ సాముదాయిక అటవీ యాజమాన్య పథకానికి 10.8 కోట్ల డాలర్ల అప్పు ఇచ్చింది. ఒక చేత్తో అంత అప్పు, ఇంకొక చేత్తో 645 డాలర్ల కొనుగోలు. కాని పవర్‌గూడ బేరంలో ఒక గుణం వున్నది. చెట్లు ఆ ఊరివే. నూనె గానుగ దగ్గర కొలవవచ్చు. ఎంత వచ్చిందో ఊళ్లో అక్షరం రాని ఆడమనిషి కూడా చెప్పగలదు. కొనేవాడు మోసపోతే ఎక్కడ మోసపోయాడో చూపించగలిగిన సరుకు అది. తర్వాత వచ్చిన పెద్ద పథకాలలో ఈ గుణమే మొదట పోయింది.

ఆ పెద్ద పథకాలలో ఒకటి మన పొరుగున, ఖమ్మం జిల్లాలోనే. భద్రాచలం దగ్గర సారపాకలో కాగితపు మిల్లు నడిపే ఐ.టి.సి. తన సామాజిక వనాల పథకాన్ని 2009లో క్యోటో పద్ధతి కింద ఐక్యరాజ్యసమితి పట్టీలో నమోదు చేయించింది. సుమారు 3,070 హెక్టార్ల బీడు, బలహీనమైన భూమిలో చిన్నరైతులు పెట్టిన జామాయిలు తోటలు. ఏటా పీల్చే బొగ్గుపులుసు వాయువు అంచనా 57,792 టన్నులు. ఇది స్వచ్ఛంద మార్కెట్టు కాదు, నిబంధనలు గట్టిగా వున్న మార్కెట్టు. అయినా కొనేవాడి నమ్మకం విషయంలో దీని నియమాలనుంచి నేర్చుకోవలసినది చాలా వున్నది. చెట్టు రేపు నరకబడవచ్చు, కాలిపోవచ్చు. అప్పుడు దాచిన కర్బనం మళ్లీ గాలిలో కలుస్తుంది. ఆ భయంచేత క్యోటో పద్ధతిలో అడవి క్రెడిట్లకు గడువు పెట్టారు. గడువు తీరగానే ఆ పత్రం చెల్లదు, కొన్నవాడు దాని స్థానంలో మరొకటి కొనాలి. ఇక పొగకు చట్టబద్ధంగా వెలకట్టిన యూరపు మార్కెట్టు అడవి క్రెడిట్లను అసలు గుమ్మంలోకే రానివ్వనన్నది. అంటే ఈ సరుకు మీద అనుమానం నిన్నమొన్నటిది కాదు. లెక్క తెలిసిన కొనుగోలుదారులు ఇరవై ఏళ్ల కిందటే తలుపు వేసుకున్నారు. చట్టపు మార్కెట్టు తలుపు వేసుకున్నాక, అడవి కర్బనానికి మిగిలిన ప్రధానమైన చోటు స్వచ్ఛంద మార్కెట్టే.

ఈ 57,792 అనే అంకె దగ్గర పాఠకులు ఒక్క నిమిషం నిలబడాలి. నేను భూపాలపల్లిలో పనిచేసిన రోజుల్లో చెల్పూరు కాకతీయ థర్మల్ కేంద్రపు పొగగొట్టాలు దారిలో ప్రతిరోజూ కనపడేవి. 2010లో 500 మెగావాట్లు, 2016లో మరో 600 మెగావాట్లు, మొత్తం 1,100. బొగ్గుతో ఒక మెగావాటు గంటసేపు నడిస్తే రమారమి ఒక టన్ను బొగ్గుపులుసు వాయువు వస్తుంది. స్థూలమైన లెక్కే అనుకోండి. ఆ కేంద్రం నిండుగా నడిచే రోజున ఇరవై ఆరు వేల టన్నులు. ఖమ్మం రైతుల 3,070 హెక్టార్ల జామాయిలు ఏడాది పొడుగునా పీల్చినదంతా చెల్పూరు గొట్టాలు రెండు రోజుల పైచిలుకులో వదులుతాయి. అదే జిల్లాలో సింగరేణి ఓపెన్‌కాస్టు గనులున్నవి, మేడిగడ్డ వున్నది. కాళేశ్వరం పథకానికి మళ్లించిన అటవీభూమి మూడువేల హెక్టార్లకు పైమాటే. దానికి బదులు వేరేచోట మొక్కలు నాటుతామన్నదీ కాగితం మీది మాటే. అడవికి బదులు అడవి, పొగకు బదులు చెట్టు – ఈ ‘బదులు’ అనే మాట వినీ వినీ మా భూపాలపల్లి విద్యార్థులు నవ్వటం కూడా మానుకున్నారు.

స్వచ్ఛంద మార్కెట్టు మాత్రం 2010 తర్వాత బాగా పెరిగింది. విమానం టిక్కెట్టు మొదలు చాక్లెట్టు దాకా ‘కర్బనరహితం’ అని ముద్ర వేసుకున్నది. 2023 జనవరిలో బ్రిటిష్ పత్రిక గార్డియన్, జర్మన్ పత్రిక డీ సైట్, సోర్స్‌మెటీరియల్ అనే పరిశోధనా బృందం కలిసి, ఈ రంగంలో అన్నిటికన్నా పెద్దదైన వెర్రా సంస్థ ముద్రవేసిన వర్షారణ్యాల క్రెడిట్లలో తాము పరిశీలించినవాటిలో 90 శాతానికి పైగా నిజమైన తగ్గింపును చూపటం లేదని ప్రకటించాయి. వెర్రా దాన్ని ఖండించింది. కాని అదే సంవత్సరం ఆగస్టులో సైన్స్ పత్రిక 6 దేశాల్లోని 26 పథకాల మీద ఒక అధ్యయనం ప్రచురించింది. చాలా పథకాలు అడవి నరకటాన్ని చెప్పుకోదగినంతగా ఆపనేలేదని అందులో తేలింది. దాదాపు 190 కోట్ల డాలర్లున్న స్వచ్ఛంద మార్కెట్టు విలువ 2022 నుంచి 2023కు సుమారు 72 కోట్లకు పడిపోయింది. పెద్ద పెద్ద కంపెనీలు చల్లగా జారుకున్నాయి. ఆ తర్వాత ‘కొనుగోలుదారుల విశ్వాసాన్ని పునరుద్ధరించటం’ అనే మాట మొదలయింది. కొత్త నియమావళులు, మార్కులు వేసే సంస్థలు, ఆకాశంనుంచి ఉపగ్రహాల తనిఖీలు.

వీటిలో కొన్ని మంచివే. కాని ఈ చర్చ అంతటిలోనూ ‘విశ్వాసం’ అనే పదానికి ముందు ఎప్పుడూ ‘కొనుగోలుదారుల’ అనే విశేషణమే కనపడటం గమనించండి. వ్యాకరణం చెప్పేవాణ్ణి గనుక నాకది కంటికి గుచ్చుకున్నది.

మా అడవుల్లో ఇంకొక సరుకు వున్నది. తునికాకు. ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారకముందే ఆడవాళ్లు, పిల్లలు అడవికి పోతారు. ఆకు కోసి, యాభైయేసి ఒక కట్ట కట్టి, సాయంత్రానికి కల్లానికి తెస్తారు. కల్లేదారు కట్టలు లెక్కపెట్టి ఎండలో వరుసలు పేర్పిస్తాడు. వెయ్యి కట్టలు ఒక ప్రామాణిక సంచి. ఇక్కడా కొనేవాడికి అనుమానమే: కట్టలో ఆకులు తక్కువేమో, చిల్లులాకు నడుమ పెట్టారేమో! ఆ అనుమానం పేరుతో నూటికిన్ని కట్టలని కొసరు గుంజుకునే అలవాటు వుండేదని గూడూరు, కొత్తగూడ వైపు ముసలమ్మలు ఇప్పటికీ చెబుతారు. కొనేవాడి అనుమానానికి మూల్యం ఏరినవాడు చెల్లించాడన్నమాట. 1971లో అడవి సరుకుల వ్యాపార నియంత్రణ చట్టం వచ్చింది. తర్వాతి దశాబ్దాల్లో కట్టకు రేటు పెంచాలని కల్లాల దగ్గర సాగిన పోరాటాలు మీలో చాలామంది ఎరిగినవే. వాటిలో రేటుతోబాటు కొసరు ప్రశ్న కూడా వుండేది. ఆ పోరాటం ఎందుకు సాధ్యమయింది? కట్ట విప్పి ఇద్దరూ లెక్కపెట్టుకోగలరు కనుక. కోసినామెకు యాభై తెలుసు, కొన్నవాడికీ యాభై తెలుసు. కర్బనం దగ్గర ఆ సమానత్వం లేదు. చెట్టు పెంచినవాడికి తన చెట్టులో ఎన్ని టన్నులున్నవో తెలియదు. దాన్ని కొలిచే సూత్రం అతనికి రాని భాషలో, అతను చూడని యంత్రంలో వున్నది.

ఇక కాగితం సంగతి. మన మూడు జిల్లాలవాళ్లకు కాగితం మీద నమ్మకం తేలికగా కుదరదు. అందుకు కారణాలు పుస్తకాల్లో వెదకనక్కర లేదు. మా జనగామ అప్పట్లో నల్లగొండ జిల్లాలో తాలూకా. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ సాగుచేసిన పంటకు విస్నూరు దేశముఖు హక్కు చూపబోయిన కథ, 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య నేలకొరిగిన కథ మా ఇళ్లలో పిల్లలకు అన్నంతోబాటు పెట్టేవారు. అడవివైపున నిజాం అటవీశాఖ హద్దుగీతలు గీసింది. ఆ గీతల మీదనే 1940లో జోడేఘాట్‌లో కొమురం భీము ప్రాణం పోయింది. 1992లో వన సంరక్షణ సమితులు వచ్చినప్పుడు ‘అడవి మీది, ఫలసాయం మీది’ అన్నారు. చాలాచోట్ల ఆ మొక్కలు నాటింది ఆదివాసుల పోడు చెలకల్లోనే. 2006లో అటవీహక్కుల చట్టం వచ్చింది. సముదాయపు హక్కుపత్రాలను గ్రామసభల పేర ఇవ్వవలసివుండగా సమితుల పేర రాశారన్న విమర్శ ఆనాడే బయలుదేరింది. 2015లో హరితహారం వచ్చింది. మళ్లీ పోడులో గుంతలు, మళ్లీ తగాదాలు. 2023 జూన్ చివరన రాష్ట్రంలో దాదాపు 1 లక్షా 51 వేలమందికి 4 లక్షల ఎకరాల పైచిలుకు పోడుకు పట్టాలు పంచటం మొదలయింది. మా విద్యార్థి తండ్రి చేతికి వచ్చింది ఆ కాగితమే.

ఆ పట్టా వారసులకు చెందుతుంది గాని అమ్మటానికీ, మరొకరికి బదిలీ చేయటానికీ వీలులేదని చట్టమే చెబుతున్నది. అలాటి హక్కు మీద ముప్పై ఏళ్ల కర్బన ఒప్పందం నిలుస్తుందా? చట్టంలో సముదాయపు అడవిని కాపాడుకునే, నిర్వహించుకునే హక్కు గ్రామసభకు వున్నది గాని, కర్బనం ఎవరిదన్న మాటే లేదు. లండనులోనో, టోక్యోలోనో ఆ పత్రం కొన్న పెద్దమనిషి ఈ చిక్కు తెలిస్తే కొంటాడా? ఉపగ్రహం ఆకు పచ్చదనం చూపుతుంది గాని ఆ ఆకు ఎవరిదో చూపదు. కొనేవాడి అపనమ్మకానికీ, ఆదివాసి అపనమ్మకానికీ మూలం ఇక్కడ ఒక్కటే. భూమి ఎవరిది, లెక్క ఎవరి చేతిలో వున్నది అనే రెండు ప్రశ్నలు తేలకుండా పైన ఎన్ని నియమావళులు పేర్చినా, అవి పునాది లేని గోడకు సున్నం వేయటమే అవుతుంది.

మన మిత్రులలో కొందరు ఇదంతా సామ్రాజ్యవాదుల కొత్త మాయ, దీన్ని గురించి చర్చే అనవసరం అంటారు. వారితో నేను ఏకీభవించలేను. మాయ అని తేల్చి మనం ఇంటికి పోవచ్చు. మూడెకరాల మెరక చెలక మీద బతికే రైతు పోలేడు. పత్తికి పెట్టుబడి పెట్టి మునిగినవాడికి ఉచితంగా మామిడి, టేకు మొక్కలు ఇస్తామంటే అది చిన్నమాట కాదు. పవర్‌గూడ స్త్రీలు మోసగాళ్లూ కారు, మోసపోయినవాళ్లూ కారు. తునికాకు కూడా బీడీ పెట్టుబడిదారుడి సరుకే. అందుకని కల్లం దగ్గర పోరాటం వద్దని మనం అనలేదు గదా!

ఆ 2024లోనే, ఆగస్టు 31 నాడు, ఇంకొక సంఘటన జరిగింది. 2019 దాకా భూపాలపల్లిలో భాగంగా వుండి తర్వాత ములుగు జిల్లాలోకి పోయిన తాడ్వాయి – మేడారం అడవిలో ఒక పెనుగాలి లేచి, కొద్ది గంటల్లో దాదాపు 200 హెక్టార్లలో యాభైవేలకు పైగా చెట్లను నేలకూల్చింది. మహావృక్షాలు వేళ్లతో సహా లేచిపడ్డాయి. అదే వానకు మా మానుకోట జిల్లాలో ఇంటికన్నె – కేసముద్రం మధ్య రైలుకట్ట కొట్టుకుపోయింది. ఇలాటి ఆపదలకోసం కర్బన సంస్థలు ప్రతి పథకంనుంచీ కొన్ని క్రెడిట్లు పక్కన నిల్వ వుంచుతాయి. అది కొన్నవాడికి రక్ష. పెంచినవాడికి ఏ రక్ష వున్నదో నా బల్లమీది ఎనిమిది పేజీల్లో ఎక్కడా దొరకలేదు.

దసరా సెలవుల్లో నేనూ, ఆ విద్యార్థీ నిఘంటువు దగ్గర పెట్టుకొని ఆ ఒప్పందాన్ని తెలుగు చేశాము. ఎనిమిది పేజీలు పదకొండయినవి. కంపెనీ మనిషి మళ్లీ ఊరికి వచ్చిన రోజున నేను కూడా వెళ్లాను. వాకిట్లో వేపచెట్టు కింద కూర్చుని విద్యార్థి తండ్రి పదకొండు పేజీలూ కొడుకుచేత చదివించుకుని విన్నాడు. చివరకు మూడు మాటలు అడిగాడు. “గాలిదుమారానికి చెట్టు పడ్డదనుకో, మల్ల పెట్టుడు ఎవరి పైసలతోని? నడుమల నేను పోతే ఈ కాయితం పిల్లగాండ్ల మీద పడతదా? కొన్నాయన ఎవరు, ఏ ఊరాయన?” మొదటిదానికి, రెండోదానికి ఆ మనిషి ఏదో సర్ది చెప్పాడు. మూడోదానికి, పైవాళ్లను కనుక్కుని చెబుతానన్నాడు. తర్వాత రాలేదు. ముందుగా దించిపోయిన మొక్కలు ఆ వేపచెట్టు కిందనే నల్ల ప్లాస్టిక్ సంచుల్లో వున్నాయి. మొన్న పోయినప్పుడు చూశాను. కొన్నిటి వేళ్లు సంచి చీల్చుకుని నేలలోకి దిగాయి.